మొటిమలు, ‘వేడి’, ఇన్‌ఫ్లమేషన్: ఒక ఆడిట్ రిపోర్టు

మొటిమలు వేడి వల్ల వస్తాయని మన పెద్దవాళ్ళు ఎప్పుడో చెప్పారట. ఇప్పుడు చర్మవైద్యులు ‘ఇన్‌ఫ్లమేషన్’ అంటున్నారట. ఆ మాటలోనే ‘ఫ్లేమ్’, అంటే మంట, ఉంది కాబట్టి రెండూ ఒకటేనట. వేల ఏళ్ళ క్రితం మనవాళ్ళు కనిపెట్టినదాన్ని సైన్సు ఇప్పటికి తెలుసుకుందట!

ఈ వాదన నేను ఉపన్యాసాల్లో విన్నాను, పెళ్ళి భోజనాల దగ్గరా విన్నాను. చెప్పేవాళ్ళు చదువుకోనివాళ్ళేమీ కాదు. నవ్వి ఊరుకోవడం తేలికే. కానీ నవ్వి ఊరుకోవడం హేతువాదం కాదు. పైగా ఆ వాదనలో ఒక సగం నిజం. మొటిమల్లో ఇన్‌ఫ్లమేషన్ పాత్ర వైద్యులు ఒకప్పుడు అనుకున్నదానికన్నా చాలా పెద్దదని గత పాతికేళ్ళలో తేలింది. మరి రెండో సగం సంగతేమిటి?

నేను డాక్టరును కాను. బీకాం చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. బీకాం మొదటి ఏడాదిలోనే మాకు నేర్పే సంగతి ఒకటుంది. ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అయినంత మాత్రాన లెక్కల్లో తప్పులు లేవని కాదు. ఒక పద్దులో వంద ఎక్కువ, ఇంకో పద్దులో వంద తక్కువ రాస్తే అడుగున మొత్తాలు చక్కగా సరిపోతాయి. అందుకే ఆడిటరు మొత్తం చూసి సంతకం పెట్టడు, వోచర్లు తెమ్మంటాడు. ‘వేడి’, ‘ఇన్‌ఫ్లమేషన్’ అనే రెండు మొత్తాలు టాలీ అయ్యాయంటున్నారు కదా, వోచర్లు చూద్దాం.

పాత గ్రంథాల్లో నిజంగా ఏముంది?

సుశ్రుత సంహితలో మొటిమల ప్రస్తావన ఉంది. క్షుద్ర రోగాల్లో ‘ముఖదూషిక’ పేరుతో వస్తుంది. పడుచువాళ్ళ ముఖం మీద బూరుగు చెట్టు ముళ్ళలాంటి పొక్కులు వస్తాయని వర్ణించారు. మంచి పరిశీలన, సందేహం లేదు. ఏ వయసులో, ఎక్కడ, ఏ ఆకారంలో అన్న మూడూ సరిగ్గా పట్టుకున్నారు.

మరి కారణం? కఫం, వాతం, రక్తం అన్నారు. ఆ జాబితా ఇంకోసారి చదవండి. ఆయుర్వేదంలో వేడికి ప్రతినిధి పిత్తం. ఆ పిత్తం ఇక్కడ లేదు! రక్తానికీ పిత్తానికీ చుట్టరికం కలిపి వాదించేవాళ్ళు ఉండవచ్చు. కానీ వేడి వల్లే మొటిమలని పూర్వీకులు చెప్పారనేవాళ్ళు చూపించాల్సిన వోచరులో ఆ పేరు లేదన్నది వాస్తవం. చికిత్సగా ముఖ్యంగా వాంతి చేయించమన్నారు, కఫాన్ని బయటికి పంపడానికి. వస, లొద్దుగ, సైంధవ లవణం, ఆవాలు నూరి పట్టు వేయమన్నారు. ఆవాల పట్టు చలవ చేస్తుందని మన ఇళ్ళల్లో ఎవరూ అనరు కదా.

ఇక వేడి సంగతి గ్రంథస్థం చేసింది మనవాళ్ళు మాత్రమే కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ ఇన్‌ఫ్లమేషన్‌కు నాలుగు లక్షణాలు రాశాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. వైద్య విద్యార్థులు నేటికీ అవే వల్లె వేస్తారు. అదే సెల్సస్ మొటిమల గురించి కూడా రాశాడు. వాటికి వైద్యం చేయడం దాదాపు తెలివితక్కువ పనేననీ, కానీ ఆడవాళ్ళు అందం మీద శ్రద్ధ వదులుకోరు కాబట్టి చెప్పక తప్పడం లేదనీ విసుక్కున్నాడు. పందొమ్మిది వందల ఏళ్ళు దాటినా ఆ విసుగు కొందరు డాక్టర్లలో ఇంకా పోలేదు, అది వేరే సంగతి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సెల్సస్ రాసినవి లక్షణాలు, కారణాలు కావు. వాచిన చోట ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఎందుకంటే అక్కడి రక్తనాళాలు వెడల్పయి రక్తం ఎక్కువగా చేరుతుంది. అది ఒంట్లోని ‘వేడి’ బయటికి తన్నుకురావడం కాదు. పొగ వల్ల నిప్పు పుట్టిందనడం ఎలాంటిదో, మొటిమలో వేడిని చూసి వేడే మొటిమకు కారణమనడం అలాంటిది.

ఇంగ్లీషు పేరు కథ కూడా ఒక గుమాస్తా పొరపాటే అంటారు. ఆరో శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఏటియస్ గ్రంథంలో ‘ఆక్నే’ అన్న మాట ఉంది. అది ‘ఆక్మే’ (కొన, శిఖరం) అనే మాటను నకలు రాసేటప్పుడు ఎవరో తప్పు రాయగా వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ తప్పు ఇప్పటికీ ప్రపంచమంతా ప్రిస్క్రిప్షన్ల మీద నడుస్తోంది.

నీతి పద్దు

పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో మొటిమలు శీలానికి సంబంధించిన వ్యవహారం అయ్యాయి. హస్తప్రయోగం వల్ల వస్తాయన్నారు, పెళ్ళయితే పోతాయన్నారు. మన దగ్గరా ‘పెళ్ళి చేస్తే అవే తగ్గుతాయి’ అనే మాట ఇప్పటికీ వింటాం. పాపం ఆ కుర్రవాడు, ఆ అమ్మాయి! ముఖం మీద పొక్కు వస్తే అది వాళ్ళ రహస్య పాపానికి బహిరంగ ప్రకటన అయిపోయేది.

యవ్వనంతో సంబంధం ఉన్న మాట నిజమే. ఆ సంబంధం ఏమిటో తేల్చింది మాత్రం నీతిశాస్త్రం కాదు. 1941లో అమెరికాలో జేమ్స్ హామిల్టన్ అనే శాస్త్రవేత్త ఒక విషయం చూపించాడు. యవ్వనానికి ముందే వృషణాలు కోల్పోయినవాళ్ళకు మొటిమలు రావడం లేదు. వాళ్ళకే పురుష హార్మోను ఇస్తే కొందరికి మొటిమలు వచ్చాయి. అంటే హార్మోను చర్మంలోని తైలగ్రంథుల్ని పెంచుతుంది, జిడ్డు ఎక్కువ ఊరుతుంది. ఈ హార్మోన్లు ఆడవాళ్ళలోనూ కొద్దిగా ఉంటాయి. బ్రహ్మచారికైనా సంసారికైనా రసాయనం ఒకటే.

క్రిమి పద్దు

ఈలోగా సూక్ష్మదర్శిని వచ్చింది. 1842లో బెర్లిన్‌లో గుస్తావ్ సైమన్ మొటిమల్లోంచి తీసిన పదార్థంలో చిన్న పురుగును చూశాడు. తీరా చూస్తే ఆ పురుగు మొటిమలు లేనివాళ్ళ రోమకూపాల్లో కూడా హాయిగా కాపురముంటుంది. 1890లలో ఉన్నా, సబురో వంటివారు ఒక బాక్టీరియాను పట్టుకున్నారు. ఇదే అసలు దొంగ అనుకున్నారు. 1909లో లండన్‌లో ఒక యువ డాక్టరు మొటిమలకు టీకా వైద్యం మీద వ్యాసం ప్రచురించాడు. ఆయన పేరు అలెగ్జాండర్ ఫ్లెమింగ్! పెన్సిలిన్‌కు పందొమ్మిదేళ్ళ ముందు మాట ఇది. ఆ టీకాలు కాలక్రమంలో మరుగున పడ్డాయి.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఎక్స్‌రే చికిత్స కూడా నడిచింది. తైలగ్రంథులు కుంచించుకుపోయి మొటిమలు నిజంగానే తగ్గేవి. దశాబ్దాల తరువాత అలా ఎక్స్‌రేలు పెట్టించుకున్నవాళ్ళలో కొందరికి థైరాయిడ్ కాన్సర్ రావడం బయటపడింది. ‘మాకు తగ్గింది కదండీ’ అన్న ఒక్క మాట మీద ఏ వైద్యాన్నీ ఎందుకు ఒప్పుకోకూడదో దీన్నిబట్టి తెలుస్తుంది. తగ్గింది నిజమే, బిల్లు ఇరవై ఏళ్ళ తరువాత వచ్చింది.

తిండి పద్దు

1969లో అమెరికాలో ఒక ప్రసిద్ధమైన ప్రయోగం జరిగింది. ఫుల్టన్, ప్లెవిగ్, క్లిగ్‌మన్ అనే ముగ్గురు 65 మందికి చాక్లెట్ బార్లు, చాక్లెట్ లేని బార్లు తినిపించి, మొటిమల్లో తేడా లేదన్నారు. ఆ 65 మందిలో కొందరు ఖైదీలు. ‘తిండికీ మొటిమలకూ సంబంధం లేదు’ అని పాఠ్యపుస్తకాలు ఆ తరువాత దశాబ్దాల పాటు రాశాయి. మనలో కొందరు హేతువాదులు కూడా అదే చెబుతుంటారు.

ఆడిటరుగా రెండు అభ్యంతరాలు. ఒకటి, ఆ పరిశోధనకు డబ్బిచ్చింది చాక్లెట్ తయారీదారుల సంఘం. రెండు, పోలిక కోసం ఇచ్చిన ‘ఉత్తుత్తి’ బార్లో కూడా చక్కెర, కొవ్వు దండిగా ఉన్నాయి. రెండు పక్కలా చక్కెర పెట్టి, చక్కెర వల్ల తేడా రాలేదంటే ఎలా?

2007లో ఆస్ట్రేలియాలో 43 మంది యువకుల మీద 12 వారాల పాటు ఒక పరిశోధన చేశారు. రక్తంలో చక్కెరను త్వరగా పెంచని తిండి తిన్నవాళ్ళలో మొటిమలు ఎక్కువ తగ్గాయి. వాళ్ళ బరువు కూడా తగ్గింది కాబట్టి ఏది దేనివల్ల అన్నది పూర్తిగా విడదీయలేం. తిండి పాత్ర కొంత ఉండవచ్చు, అది ఇన్సులిన్ వంటి హార్మోన్ల ద్వారా కావచ్చు అనడానికి ఆధారముంది. కానీ ‘మామిడిపండు వేడి, మజ్జిగ చలవ’ అనే జాబితాకు ఇందులో సమర్థన ఏమీ దొరకదు. 

మన సుబ్బారావు గారి మందు, ఒక చిక్కు ప్రశ్న

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధన విభాగానికి సారథి. ఆయన సారథ్యంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. సుబ్బారావు గారు కన్నుమూసిందీ ఆ ఏడాదే. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది మొదటి సంతానం.

1950ల నుంచి ఈ కుటుంబం మందులు మొటిమలకు వాడసాగారు. బాగా పనిచేశాయి. బాక్టీరియాను చంపే మందుతో తగ్గింది కాబట్టి బాక్టీరియానే కారణం అనుకున్నారు. తర్కం బాగానే ఉన్నట్టుంది కదా? కానీ లెక్క ఒకచోట కుదరలేదు. 1975లో ప్లెవిగ్, షాఫ్ అనే జర్మన్ వైద్యులు ఈ రకం మందుల్లో కొన్ని, బాక్టీరియాతో నిమిత్తం లేకుండానే చర్మంలో ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తున్నాయని చూపించారు. టెట్రాసైక్లిన్ తెల్ల రక్తకణాల కదలికనే మందగింపజేస్తుందని 1978లో మరో బృందం రాసింది. 2003లో వచ్చిన పరిశోధన ఇంకా విచిత్రం. డాక్సీసైక్లిన్ 20 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, అంటే బాక్టీరియాను చంపడానికి చాలనంత తక్కువ మోతాదు, ఆరు నెలలు ఇచ్చారు. చర్మం మీది సూక్ష్మజీవుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మొటిమలు మాత్రం సగానికి పైగా తగ్గాయి!

అంటే యాభై ఏళ్ళ పాటు సరైన మందును తప్పు కారణం రాసి వాడారన్నమాట. ఖర్చు న్యాయమైనదే, పద్దు వేరు.

వరస తిరగబడింది

అప్పటివరకూ పుస్తకాల్లో ఉన్న వరస ఇది: ముందు జిడ్డు పెరుగుతుంది, తరువాత రోమకూపం మూతి మూసుకుపోతుంది, లోపల బాక్టీరియా పెరుగుతుంది, చిట్టచివర ఇన్‌ఫ్లమేషన్ వచ్చి ఎర్రగా వాచి చీము పడుతుంది.

2002లో జెన్నీ కిమ్ బృందం ఆ బాక్టీరియా మన రోగనిరోధక కణాల మీద ఉండే టీఎల్ఆర్-2 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుందని చూపించింది. ఆ కణాలు ప్రమాద ఘంటికల వంటి రసాయనాల్ని వదులుతాయి, వాటితో తెల్ల రక్తకణాలు దండెత్తివస్తాయి. మొటిమలోని ఎరుపు, వాపు, నొప్పి చాలావరకు మన సైన్యం చేసిన పనే. 2003లో ఇంగ్లండులో కన్‌లిఫ్ బృందం మొటిమలు వచ్చేవాళ్ళ ముఖం మీద ఇంకా మామూలుగా కనిపిస్తున్న చర్మం నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించింది. మూతి మూసుకుపోవడానికి దారితీసే మార్పులు కనిపించకముందే అక్కడ రోగనిరోధక కణాలు చేరి ఉన్నాయి! చివర వస్తుందనుకున్న ఇన్‌ఫ్లమేషన్ మొదటినుంచీ ఉంది.

ఆ బాక్టీరియా దాదాపు అందరి ముఖాల మీదా ఉంటుంది. 2016లో దానికి క్యూటిబాక్టీరియమ్ ఆక్నేస్ అని కొత్త పేరు కూడా పెట్టారు. ఎవరి శరీరం దానికి ఎలా స్పందిస్తుంది, దానిలో ఏ రకం ఉంది అన్నవాటిని బట్టి తేడా వస్తోంది. అందుకే దీన్ని ‘అపరిశుభ్రత’ అనడం, పిల్లల్ని రోజుకు పదిసార్లు సబ్బుతో ముఖం కడుక్కోమనడం అన్యాయం. సబ్బు ఆ కూపం లోతుకు చేరదు, పైన చర్మాన్ని మాత్రం రేపుతుంది.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలి?

ఎందుకంటే ‘ఇన్‌ఫ్లమేషనే కదా, తగ్గించేస్తే సరి’ అనే తప్పుడు మార్గం కూడా ఒకటుంది, దాని నష్టం మన కళ్ళ ముందే ఉంది. ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించడంలో స్టెరాయిడ్లను మించినవి లేవు. బెటామెథసోన్ వంటి స్టెరాయిడ్ క్రీము రాస్తే రెండు మూడు రోజుల్లో ఎరుపు తగ్గి, ముఖం తెల్లగా నున్నగా కనిపిస్తుంది. వారాలు గడిచేసరికి కొత్త మొటిమలు గుంపులుగా వస్తాయి, చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి. మానేస్తే మంట, రాస్తే నష్టం. మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి ఒకతె ఇలాగే మందుల షాపులో చీటీ లేకుండా కొన్న క్రీము ఏడాది పాటు రాసి, ఎండలోకి రాలేని స్థితికి వచ్చింది. కోలుకోవడానికి మరో ఏడాది పట్టింది.

ఇది ఒక అమ్మాయి కథ కాదు. 2011లో ప్రచురితమైన ఒక పరిశోధనలో దేశంలోని 12 కేంద్రాల్లో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని చూశారు. 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నారు. వాళ్ళలో సగానికి పైగా డాక్టరు కానివాళ్ళ సలహాతోనే. ఎక్కువగా కనిపించిన దుష్ఫలితం ఏమిటో తెలుసా? మొటిమలు రావడం, ఉన్నవి పెరగడం! 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, చీటీ లేకుండా అమ్మకూడదంది. నియమం కాగితం మీద ఉండటం వేరు, కౌంటరు దగ్గర అమలు కావడం వేరు. ఆ తేడా ఆడిట్ చేసినవాడికి కొత్తగా చెప్పనక్కర్లేదు. (పెద్ద గడ్డలాంటి మొటిమలోకి చర్మవైద్యుడు కొద్దిపాటి స్టెరాయిడ్ ఎక్కించడం వేరు సంగతి. అది కొలత తెలిసిన పని.)

మరి సరైన దారి ఏది? ఒక్క మెట్టును కాకుండా అన్ని మెట్లనూ చూసుకోవడం. మూతి మూసుకుపోకుండా రాత్రిపూట రాసుకునే రెటినాయిడ్లున్నాయి, వాటికి ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే గుణమూ ఉంది. బెంజాయిల్ పెరాక్సైడ్ బాక్టీరియాను తగ్గిస్తుంది. దానికి బాక్టీరియా మొండికెత్తదు కాబట్టి యాంటిబయోటిక్‌ను ఒంటరిగా కాక దీనితో జతగా, పరిమిత కాలం ఇస్తారు. తీవ్రమైనవాటికి ఐసోట్రెటినాయిన్ ఉంది. 1979లో తొలి పరిశోధనలో 14 మంది మొండి రోగుల్లో 13 మందికి పూర్తిగా తగ్గింది. కానీ గర్భిణులు వాడితే బిడ్డకు ఘోరమైన అవయవ లోపాలు వస్తాయి కాబట్టి డాక్టరు పర్యవేక్షణ లేనిదే ముట్టుకోకూడదు. ఏ మందైనా ఫలితం తేలడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మూడు రోజుల్లో మెరుపు తెప్పించే క్రీమును అనుమానించాల్సింది అందుకే.

మన చామనఛాయ చర్మానికి ఇంకో చిక్కుంది. ఇన్‌ఫ్లమేషన్ తగ్గాక కూడా అక్కడ నల్ల మచ్చ నెలల తరబడి ఉంటుంది. లోతుగా వాచినవైతే గుంటలు పడి శాశ్వతంగా ఉండిపోతాయి. ఇక్కడే ‘వేడి’ సిద్ధాంతం అసలు ఖరీదు బయటపడుతుంది. సబ్జా నీళ్ళు తాగితే, కోడిగుడ్డు మానేస్తే ప్రాణహాని లేదు. కానీ చలవ చేసే పదార్థాలు పెడుతూ, ‘వయసు మీద పడితే అవే పోతాయి’ అంటూ రెండేళ్ళు గడిపితే, ఆ రెండేళ్ళలో పడిన గుంటలు వయసుతో పోవు.

ఇంతకీ వోచర్లు ఏం చెప్పాయి? ‘వేడి’ని కారణంగా చెప్పేవాళ్ళు ఎవరూ ఒంట్లో ఆ వేడిని కొలిచి చూపలేదు. తగ్గితే చలవ చేసింది, తగ్గకపోతే ఇంకా వేడి ఉంది. ఏ ఫలితం వచ్చినా సరిపోయే ఖాతా అది. మా ఆఫీసుల్లో అర్థంకాని మొత్తాలన్నీ తోసే సస్పెన్స్ ఖాతా లాంటిది. ఇన్‌ఫ్లమేషన్ అన్నవాళ్ళు చర్మం ముక్క తీశారు, కణాలు లెక్కపెట్టారు, మోతాదు తగ్గించి చూశారు, తమ పాత వరసే తప్పని తేలితే పుస్తకం మార్చుకున్నారు. ఈసారి ఎవరైనా రెండూ ఒకటే అంటే గొడవ పడకుండా ఒక్క ప్రశ్న అడగండి: ఏం జరిగితే మీ ‘వేడి’ సిద్ధాంతం తప్పని మీరు ఒప్పుకుంటారు? జవాబు కోసం ఎదురుచూస్తూ, వాళ్ళింట్లో మొటిమలతో బాధపడే పిల్లలుంటే చర్మవైద్యుడి దగ్గరికి పంపండి.